కత్తెర ముట్టని కాగితాలు

మిర్యాలగూడలో సుగుణమ్మ దగ్గర పాత రెవెన్యూ స్టాంపు కొనాలంటే ముందు నాలుగు మాటలు పడాలి. పడలేనివాళ్లకు ఆమె అమ్మదు. ఒకసారి ఖమ్మం నుంచి ఒకాయన వచ్చాడు, చొక్కాకు నల్లద్దాలు తగిలించుకుని. రైసుమిల్లు రసీదు ఒకటి చేతిలోకి తీసుకుని, కింద అంటించిన అణా స్టాంపును గోటితో గీకుతూ, "అమ్మా, ఇది ఒలిచిస్తారా? నాకు స్టాంపు ఒక్కటే చాలు, కాగితం అక్కర్లేదు" అన్నాడు.

"నీ బొటనేలు తోలు ఒలిచియ్యి. నేను గూడ ఒలిచిస్త" అంది సుగుణమ్మ.

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. రసీదు లాక్కుని ప్లాస్టిక్ కవరులో దూర్చి, కవరు ట్రంకుపెట్టెలో పెట్టి, మూత వేసి దాని మీద కూర్చుంది. ఖమ్మం ఆయన వచ్చిన బస్సులోనే వెళ్లిపోయాడు.

రెవెన్యూ స్టాంపు అందరూ చూసిందే. డబ్బు ముట్టిందని రాసిన కాగితం కింద దాన్ని అంటిస్తారు. పుచ్చుకున్నవాడు సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేటట్టు గీస్తాడు. సంతకం రానివాడు వేలిముద్ర వేస్తాడు. ఆ తర్వాత దాని మొహం ఎవరూ చూడరు. ఉత్తరాల మీది స్టాంపులను ఏరి, పుస్తకాల్లో అంటించుకుని మురిసిపోయే దొరబాబులు దేశంలో కొల్లలుగా ఉన్నారు. రెవెన్యూ స్టాంపును మాత్రం వాళ్లు గడప తొక్కనియ్యలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్లలో దాన్ని మొదట చేరదీసింది సుగుణమ్మ. ధర కట్టి అమ్మింది కూడా సుగుణమ్మే. ఇప్పుడు పెద్ద పెద్ద అద్దాల బీరువాలున్నవాళ్లు మేమే మొదలంటున్నారు. అననియ్యండి, నోరు వాళ్లది.

సుగుణమ్మ పుట్టింది మోతెలో. నాలుగో తరగతి పాసయింది. ఐదుకు పంపలేదు, నాట్లకు పంపారు. దేవదాసును చేసుకుని మిర్యాలగూడ వచ్చింది. దేవదాసు రైసుమిల్లులో హమాలీ. ఆమె అదే మిల్లు ఊడ్చేది. ఒకరోజు బస్తా మీద పడి దేవదాసు నడుము పోయింది. మిల్లు ఆయన్ను ఇంటికి పంపింది, తవుడు కూడా ఇవ్వలేదు. అప్పుడు సుగుణమ్మ చీపురు పక్కన పెట్టి, కొట్లూ మిల్లులూ తిరిగి చిత్తుకాగితాలు కొనడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో ప్రతి కొట్టులోనూ గల్లాపెట్టె పక్కన కొక్కెం ఉన్న ఇనపతీగ వేలాడేది. వచ్చిన రసీదునల్లా దానికి గుచ్చేవాళ్లు. తీగ నిండితే మడిచి అటక మీద పడేసేవాళ్లు. తాత పోయి, కొడుకు ముసలాడై, మనవడు అటక దులిపించిననాడు తీగలు తీగలుగా కిందికి దిగేవి. తుప్పు, బొద్దింకలు, ఎలుక పెంటికలు. మిగతా చిత్తువాళ్లు తీగతో పాటే తక్కెట్లో వేసేవాళ్లు, ఇనుము బరువు కలిసొస్తుందని. సుగుణమ్మ అట్లా చేయలేదు. తీగ నుంచి ఒక్కొక్క రసీదే ఊడదీసి, మడత విప్పి, చేత్తో సాపు చేసి దొంతర పెట్టేది. ఆ విప్పడంలోనే స్టాంపు ఆమె కంటబడింది. కుంకుడు గింజంత మనిషి బొమ్మ, చుట్టూ రాత, దాని మీద ఎవరో కూలివాని నల్లటి బొటనవేలు.

కంటబడినవాటిని ఆమె విడిగా దాచింది. అది చూసి దేవదాసుకు ఒళ్లు మండేది.

"తిననీకి గింజలు జూడవే అంటే టికెట్లు జూస్తున్నవ్."

"తిన్న గింజలు తెల్లారి ఉండయ్. ఇవి ఉంటయ్."

"ఉండి ఏం జేస్తయ్?"

"నువ్వు ఉండి ఏం జేస్తున్నవ్? గట్లనే అవి గూడ ఉంటయ్."

ఇట్లా ఉండగా హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి పాత ఉత్తరాల కవర్లు కొనడానికి వచ్చాడు. కవర్లు ఏరుకున్నాడు. పక్కనున్న రసీదుల దొంతర చూసి, "ఇవెందుకమ్మా దాచావు? వీటిని ఎవరూ సేకరించరు. మీద గీతలు గీసి పాడు చేసినవి. ఉత్తరాల స్టాంపులంటే నీళ్లలో నానబెడితే శుభ్రంగా ఊడొస్తాయి" అన్నాడు.

ఎవరూ చేయరంటే సుగుణమ్మకు అది చేసి తీరవలసిన పని. మర్నాడు పొద్దున్నే సత్తు బేసినులో నీళ్లు పోసి నూట నలభై రసీదులు, ఎక్కువ ఈమధ్యవే, నానబెట్టింది. మిల్లు గుమస్తాలు నాలుక తడిచేసి ఊదా పెన్సిలుతో రాసేవాళ్లు. ఆ రాతంతా కరిగి బేసిను వంకాయ కడిగిన నీళ్లలా అయింది. పేర్లు పోయాయి. సంతకాలు, వేలిముద్రలు పోయాయి. స్టాంపులు మాత్రం ఒక్కొక్కటీ పైకి తేలి, మచ్చలేకుండా కొత్తవాటిలా మెరిశాయి. తువాల మీద ఆరబెట్టుకుని ఆమె మధ్యాహ్నం దాకా పొంగిపోయింది.

మధ్యాహ్నం ఒక కమీషన్ కొట్టు మనిషి అటు పోతూ ఆగాడు. "అక్కా, ఇవి నాకియ్యి. మస్తు తెల్లగ గడిగినవ్. జిగురు పెట్టి మల్ల అంటిస్త, ఎవనికి దెలుస్తది?"

అప్పటికి గానీ తాను చేసిందేమిటో ఆమెకు తట్టలేదు. వాణ్ని చీపురుతో వాకిలి దాటించి, తువాల నాలుగు చెంగులూ పట్టి ఎత్తి, స్టాంపులన్నీ అన్నం కుండ కింద పొయ్యిలో కుమ్మరించింది.

"ఏందే, మొన్నటి సంది పిల్లల లెక్క సాదితివి, ఇయ్యాల పొయిల ఏస్తివి?" అన్నాడు దేవదాసు.

"నూటనలబై మంది ఏసిన నిశాని కడిగి పారబోసిన. దొంగకు సరుకు తయారు జేసిన. ఇగ నా చేతులకెల్లి పోయే కాగితానికి నీల్లు ముట్టియ్య, కత్తెర ముట్టియ్య."

అదే ఆమె పద్ధతి అయింది. స్టాంపు కావాలంటే కాగితంతో కొను. కాగితంలో ఎవరికి, ఎందుకు, ఎంత ముట్టిందో ఉంటుంది. వేలిముద్ర సగం దాని మీదా, సగం దీని మీదా ఉంటుంది. విడదీస్తే స్టాంపు రంగు కాగితం ముక్క, రసీదు చిత్తుకాగితం. దేశంలో తెలిసినవాళ్లు ఇప్పుడు పుస్తకాలు రాసి మరీ ఈ మాట చెబుతున్నారట. సుగుణమ్మకు ఒక బేసిను నీళ్లతో తెలిసింది.

రసీదుల్లో సగం ఉర్దూలో ఉండేవి. ఆమెకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. అందుకని రిటైర్డ్ టీచరు జయరాజును పట్టుకుంది. ఆయన చిన్నప్పుడు నిజాం బడిలో ఉర్దూ నేర్చినవాడు. ఆదివారం చర్చి కాగానే ఆయనకు టీ ఇప్పించి, ట్రంకుపెట్టె ముందు కూర్చోబెట్టి చదివించుకునేది. ఆయన ఒకసారి చదివితే చాలు, ఏ కాగితంలో ఏ పేరో, ఏ ఊరో ఆమె మళ్లీ అడిగేది కాదు.

"ఇంత జ్ఞాపకం ఎక్కడిదమ్మా నీకు?" అని ఆయన ఆశ్చర్యపోతే, "నా బుర్రల జాగ మస్తుంది సారూ. సదువు దాన్ని నింపలే" అనేది.

అమ్మకం నెమ్మదిగా సాగింది. బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుంది. ట్రంకుపెట్టెలు నాలుగయ్యాయి. సెల్‌ఫోన్లు వచ్చాక దేవదాసు కాగితాలకు ఫోటోలు తీసి పంపేవాడు. ఆ ఫోటోల్లో సగం ఆయన వేలే ఉండేది, అయినా కొనేవాళ్లు. మూడూళ్ల స్టాంపుల సంఘం అని ఒకటి లేచింది. నలభై మంది సభ్యులు. రెవెన్యూ స్టాంపులంటే ఏమిటో వాళ్లకు తెలిసింది ఈమె గదిలోనే. ఈమె సరుకులో ముప్పాతిక వంతు కొనేదీ వాళ్లే. ఆ సంఘానికి అధ్యక్షుడు కోదాడ రాఘవేంద్ర. ధాన్యం వ్యాపారం, రెండు మిల్లులు. అవసరం ఉన్నప్పుడు ఆయన నోట 'సుగుణమ్మగారూ' అని వస్తుంది, లేనప్పుడు 'ఏమ్మా' అని.

ఇక అసలు సంగతి వాడపల్లి రేవు కాగితాలది.

కోదాడలో వెంకటనర్సయ్య అని దస్తావేజులు రాసే పెద్దాయన ఉండేవాడు. ఆయన పోయాక కూతురు తారా ఇల్లు ఖాళీ చేస్తూ సుగుణమ్మకు కబురు చేసింది. రెండు బస్తాల కాగితాలు. ఒక బస్తా అడుగున నూనెగుడ్డలో చుట్టిన చిన్న కట్ట. అందులో పన్నెండు కాగితాలు. ఒక్కొక్క దాని కింద నిజాం నాటి అణా స్టాంపు, దాని మీద ఒక్కొక్క వేలిముద్ర.

"ఇవి కూడా కిలోల్లోనే కలిపేయండమ్మా. నాన్న ఎందుకు దాచారో మాకూ తెలియదు" అంది తారా.

"కిలోల కలిపేటియి కావు బిడ్డా. నువ్వు ఎర్కలేక ఇస్తే నేను ఎర్క ఉండి తీస్కుంటనా?" అని సుగుణమ్మ వాటి ధర తానే చెప్పి, ఆ ధర ఇచ్చి తెచ్చుకుంది.

జయరాజు వాటిని ఒకసారి చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఫసలీ 1356, అంటే స్వాతంత్ర్యం వచ్చే ముందటేడు. వాడపల్లి దగ్గర, మూసీ కృష్ణలో కలిసే చోట, పంటకాలమంతా వడ్లు అవతలి ఒడ్డుకు దాటించిన పన్నెండుమంది పడవవాళ్ల కూలి రసీదులు. పన్నెండింటి మీదా గుమస్తా ఒకే మాట రాశాడు. 'అందరికీ కలిపి ఒక్క కాగితం చాలునని కంట్రాక్టరు చెప్పగా, ఎవరి కూలికి వారి కాగితం, ఎవరి నిశాని వారిదని వీరు పట్టుబట్టినందున విడివిడిగా రాయడమైనది.'

"తెడ్డు పట్టి పట్టి వేళ్ల గీతలు అరిగిపోయినయ్ సూడమ్మా. ముద్ర కాదు, వట్టి మచ్చ. అయినా మాది మాకే కావాలన్నరు" అన్నాడు జయరాజు.

సుగుణమ్మ కాగితాలను ఒక్కొక్కటిగా కవర్లలో పెట్టుకుంది. ఆ పన్నెండింటినీ ఆమె అమ్మకానికి పెట్టలేదు. సంఘం వాళ్లు వచ్చి అడిగారు, ధర పెంచి అడిగారు, విడిగా రెండిమ్మని అడిగారు. "పన్నెండు మంది ఒక్కకాడనే ఉంటరు. నా కాడనే ఉంటరు" అని పంపేసింది.

రెండేళ్ల కిందట సూర్యాపేటలో సంఘం స్టాంపుల ప్రదర్శన పెట్టింది. దానికి ముందు వారం రాఘవేంద్ర కారు వేసుకుని మిర్యాలగూడ వచ్చాడు.

"సుగుణమ్మగారూ, ఆ రేవు కాగితాలకు ఒక ఫ్రేము కేటాయించామండీ. హైదరాబాదు నుంచి న్యాయనిర్ణేతలు వస్తున్నారు. జనం చూడాలి కదా వాటిని, పెట్టెలో పెట్టుకుంటే ఏం లాభం?"

జనం చూడాలన్న మాట ఆమెకు తగిలింది. ముప్పై ఏళ్లుగా ఆమె కాగితాలు చూసింది కొనేవాళ్లే. ఊరికే చూసి పోవడానికి, వాళ్ల సంగతి వినిపోవడానికి ఒక్కరూ రాలేదు.

"రెండు మాటలు, సేటూ. కాగితం నిండుగ కనవడాలె. కింద నా పేరు ఉండాలె. సేకరించింది సుగుణమ్మ, మిర్యాలగూడ అని."

"అంతకంటేనా! అట్లాగేనండీ."

"కత్తెర?"

"అయ్యో, ముట్టుకుంటే ఒట్టు."

పన్నెండూ కవర్లలో పెట్టి ఇచ్చింది. కారు పోయాక దేవదాసు మంచం మీదనుంచి లేచి కూర్చున్నాడు.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఇచ్చినట్టు రాయించుకున్నవా?"

ఆమె కారు పోయిన దారి వైపు చూసింది.

"ముప్పై ఏండ్ల సంది ఊరోల్ల రసీదులమ్ముతున్నవ్. నీ సామానుకు నువ్వు రసీదు తీస్కోలే! సుగుణా, నీ అంత తెలివిగల్లదాన్ని నేను మోతెల ఎట్ల దొర్కవట్టిన్నో!" అని నడుము పట్టుకుని మరీ నవ్వాడు. ఆ వారమంతా ఎవరు టీకి వచ్చినా వాళ్లకు చెప్పి నవ్వాడు.

ప్రదర్శన రోజు ఇద్దరూ మొదటి బస్సుకే సూర్యాపేట చేరారు. పెద్ద ఫంక్షన్ హాలు. గోడల వెంట అద్దాల ఫ్రేములు, సూట్లు వేసుకున్న మగవాళ్లు. సుగుణమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టింది. తన ఫ్రేము కోసం రెండుసార్లు హాలు చుట్టింది. కనపడలేదు. మూడోసారి దేవదాసు ఆపి చూపించాడు.

నల్లటి అట్ట. దాని మీద వరసగా పన్నెండు చిన్న చదరాలు. ఒక్కొక్క చదరంలో ఒక్కొక్క స్టాంపు, దాని మీద సగం సగం వేలు. కాగితం లేదు, రాత లేదు, పేరు లేదు. కింద అచ్చు వేసిన చీటీ: 'నిజాం కాలపు రసీదు స్టాంపులు. మూడూళ్ల స్టాంపుల సంఘం.'

సుగుణమ్మ ఫ్రేము మీదికి వంగి, "కోసిండ్రు" అంది. పక్కనున్న దేవదాసుకే వినపడింది. రెండోసారి అన్న మాట హాలంతా వినపడింది. "కోసిండ్రు! పన్నెండు మందిని కోసిండ్రు!"

రాఘవేంద్ర పరుగున వచ్చాడు. "ఏమ్మా, ఎందుకా అరుపులు? కొయ్యలేదు, కాగితాలు వెనకాలే ఉన్నాయి. పైన అట్టకు కిటికీలు చేశామంతే. పోటీకి పెట్టేటప్పుడు అట్లాగే పెట్టాలి. ఆ మరకలన్నీ కనపడితే మార్కులు పోతాయి."

కాగితాలు ఉన్నాయన్న మాటకు ఆమెకు ఊపిరి వచ్చింది. ఆ వచ్చిన ఊపిరితోనే అందుకుంది.

"మరకలా? సేటూ, నీ పెండ్లి ఫోటో మీద నల్లట్ట పెట్టి, ముక్కు ఒక్కటే కనవడేటట్టు బొక్క కొడితే నీ ఇంటామె ఊకుంటదా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. రాఘవేంద్ర చెవులు ఎర్రబడ్డాయి.

"నియమాలు నేను పెట్టినవి కావమ్మా."

"నా పేరు ఏది?"

"సంఘం పేరు ఉందిగా. సంఘమంటే అందరూ ఉన్నట్టే."

"గా రేవు కంట్రాక్టరు గూడ గదే అన్నడు, అందరికి ఒక్క కాగితం సాలని. తెడ్డేసేటోల్లు ఒప్పుకోలే. నేను ఒప్పుకుంటనా? ఇప్పు."

"పదకొండింటికి న్యాయనిర్ణేతలు వస్తారు. ఇప్పుడు విప్పితే ఈ ఫ్రేము పోటీలోంచి పోతుంది. సంఘం పరువూ పోతుంది." ఆయన గొంతు తగ్గించాడు. గారూ, ఏమ్మా రెండూ పోయాయి. "చూడు సుగుణమ్మా. నువ్వు అమ్మేది మాకే. ఇవాళ నలుగురిలో మమ్మల్ని అల్లరి పెడితే రేపటినుంచి సంఘంలో ఒక్కడు నీ గడప తొక్కడు. ముసలితనంలో ఆలోచించుకో."

ఉత్త బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. గది కిరాయి, దేవదాసు మందులు, ఇంట్లో పొయ్యి, అన్నీ ఆ నలభై మంది మీదే నడుస్తున్నాయి. నోరు ముయ్యడానికి ఆమెకు బతుకులో ఇంతకు మించిన కారణం ఎప్పుడూ రాలేదు. దేవదాసు వైపు చూసింది. వారమంతా తనను చూసి నవ్విన మనిషి.

"నన్నేంది జూస్తవే?" అన్నాడు దేవదాసు. "నడుము పోయింది గని ఏల్లు మంచిగనే ఉన్నయ్. గా ఎన్క మరలు రూపాయి బిల్లతోని తిరుగుతయ్. ఉంటే ఇయ్యి."

ఆమె కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల ఇచ్చింది. ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని, అబ్బా అబ్బా అంటూ ఫ్రేము వెనక మరలు ఒక్కొక్కటే తిప్పాడు. ఆపబోయిన కుర్రసూటు ఒకడి మణికట్టు సుగుణమ్మ పట్టుకుంది. నాట్లేసిన చెయ్యి, మిల్లు ఊడ్చిన చెయ్యి. వాడు మళ్లీ ముందుకు రాలేదు. నల్లట్ట ఊడి కింద పడింది. పన్నెండు కాగితాలూ నిండుగా బయటికి వచ్చాయి. ఆమె ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి అటూ ఇటూ చూసింది. ఏ అంచూ తెగలేదు.

"అయితే ఇక హాల్లో మీకు చోటు లేదు" అన్నాడు రాఘవేంద్ర, అందరికీ వినపడేటట్టు.

"నీ హాల్ల నాకెందుకు? నువ్వు మల్ల నల్లట్ట ఎయ్యనీకా?"

హాలు పక్కనే భోజనాల గది. సాయంత్రం ఏదో పెళ్లి ఉందట, పొడుగు బల్లలు వేసి ఉన్నాయి. సుగుణమ్మ ఒక బల్ల తుడిచి, పన్నెండు కవర్లూ వరసగా పరిచింది. సంఘం అచ్చు వేసిన చీటీని తిరగేసి, దాని వెనక తెల్లవైపున దేవదాసు జేబులోని పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. 'సుగుణమ్మ. మిర్యాలగూడ.' 'మి'కి గుడిదీర్ఘం పెట్టాలా అని క్షణం ఆగి, అక్కర్లేదని తేల్చుకుంది. చీటీని నీళ్ల సీసాకు ఆనించి నిలబెట్టింది.

అరుపులు విన్న జనం ఏమిటో చూద్దామని ఆ గదిలోకి వచ్చారు. ప్రదర్శన చూడటానికి తీసుకొచ్చిన బడిపిల్లలు, వాళ్ల టీచర్లు, పెళ్లి వంటకు వచ్చిన ఆడవాళ్లు. సుగుణమ్మ మొదటి కాగితం మీద వేలు ఆనించీ ఆనించకుండా పెట్టి మొదలుపెట్టింది.

"ఇగో, ఇది లచ్చయ్య నిశాని. రేవుల అందరికంటె పెద్దోడు. గీడ సూడుండ్రి, ఇంత మందంగ పడ్డది, సిరా ఎక్కువ పూసుకున్నడు. మల్ల పోదని నమ్మకం గావాలె కద! ఇది రెండోది, ముత్తయ్యది…"

"అవ్వా, ఉర్దూ సదువుతవా?" అని ఒక వంటామె అడిగింది.

"సదవను. నోటికొచ్చు. సదివెటోల్లు మర్సిపోతరు."

ఆమె నాలుగోది చెబుతుండగా న్యాయనిర్ణేత సుమలత వచ్చింది. పోస్టాఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయినామె, ఉర్దూ చదవడం వచ్చు, మెడలో బ్యాడ్జీ ఉంది. వెనక రాఘవేంద్ర. సుమలత బల్ల చివర నిలబడి, ఉర్దూ వరస మీదికి వంగి, ఆ పట్టుబట్టిన మాట దాకా చదివి, "అమ్మా, ఇట్లా మొత్తం కాగితంతో ఇన్ని ఒక్కచోట నేను చూడలేదు. కానీ ఫ్రేములో లేనిదానికి మార్కులు వేసే అధికారం నాకు లేదు. మళ్లీ ఫ్రేములో పెట్టిస్తే వేస్తాను. అట్ట లేకుండా పెట్టినా సరే, కొన్ని తగ్గుతాయి" అంది.

రాఘవేంద్ర వెంటనే అందుకున్నాడు. "పెట్టిద్దాం మేడం. సంఘం ఫ్రేములోనే, సంఘం పేరుతోనే. సుగుణమ్మగారి పేరు కూడా కింద చిన్నగా వేద్దాం."

"మార్కులు ఎవలడిగిండ్రు మేడం?" అంది సుగుణమ్మ. "నాలుగో తరగతిలనే నాకు మార్కులతోని పని ఒడిసింది. మీరు పెద్దోల్లు, కూసోండ్రి, ఇనుండ్రి. సేటూ, నీ పతకం నువ్వు తీస్కపో. నా పేరు నేను రాసుకున్న, పెద్దగనే రాసుకున్న."

సుమలత కుర్చీ లాక్కుని కూర్చుంది. రాఘవేంద్ర కూర్చోలేదు.

"నేను అన్న మాట మీదే ఉంటాను. రేపటినుంచి ఒక్కడు రాడు."

"రాకుండ్రి. నేను మీతోని షురూ జెయ్యలే. చిత్తుకాగితాలతోని షురూ జేసిన. అవి ఇంక ఉన్నయ్." ఆమె ఆయన వైపు చూడను కూడా లేదు. "అయిదోది. పుల్లయ్య. ఈన కుడిచెయ్యి బొటనేలు లేదు, తాడుకు పడి తెగిందంట. ఎడమేలు ఏసిండు, గుమస్తా గది గూడ రాసిండు. సూడుండ్రి…"

రాఘవేంద్ర తలుపు దాకా పోయి ఆగాడు. అధ్యక్షుడికి ఉర్దూ రాదు. పన్నెండు స్టాంపులను అట్టకు పెట్టించినవాడు ఆ వేలు ఎడమదని ఇప్పుడే విన్నాడు. మళ్లీ బల్ల దాకా మాత్రం ఆయన రాలేదు.

సంఘం అన్నంత పనీ చేసింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె గదికి ఒక్క సభ్యుడు రాలేదు, ఒక్క ఫోనూ రాలేదు. ఆమె మళ్లీ గోనెసంచి భుజాన వేసుకుని మిల్లుల అటకలు ఎక్కింది. ఎక్కలేనివాటికి దేవదాసు కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. తర్వాత ఒకరిద్దరు సభ్యులు రాఘవేంద్రకు తెలియకుండా ఫోన్లు చేశారు. ఆయనకు తెలిసేటట్టే రమ్మంది, దొంగచాటుగా వచ్చేవాళ్లకు అమ్మనంది. ఇంకా రాలేదు. ఎప్పుడొస్తారో చూడాలి.

ఆరోజు సంగతి మాత్రం ఇది. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటినుంచీ మళ్లీ చెబుతూ, ఏడోది సైదులు, ఎనిమిదోది, తొమ్మిదోది. మూడు గంటలకు పెళ్లివాళ్లు విస్తళ్లు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. "అవ్వా, బల్లలు కావాలె, చుట్టాలొస్తుండ్రు" అన్నారు. ఆమె వినపడనట్టే పదోది తీసింది. ఫంక్షన్ హాలు మేనేజరు వచ్చి గడియారం చూపించాడు. పదకొండోది తీసింది. సుమలత మేడం బ్యాడ్జీ తీసి పర్సులో పెట్టుకుని, "పక్క బల్ల మీద వడ్డించుకోండయ్యా, ఇంకొక్కటే ఉంది" అంది.

"ఒక్కటే గాదు మేడం, ఒక్కడు" అంది సుగుణమ్మ. పన్నెండో కాగితం కవరులోంచి తీసి, అందరికీ కనపడేటట్టు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"ఈన పేరు జైరాం."